చెవిలో ఈల... లోయలో పాట

ఆ శనివారం రాత్రి పబ్ నుంచి బయటికొచ్చేసరికి నా చెవిలో ఈల మొదలైంది. సన్నగా, 'ఈయ్...' మంటూ, చిన్నప్పుడు ఇంట్లో పాత డబ్బా టీవీ ఆన్ చేస్తే వచ్చే కూతలాగా. నాకది కొత్త కాదు. గిగ్‌కి వెళ్లిన ప్రతిసారీ వస్తుంది, పడుకుని లేస్తే పోతుంది. ఈల వచ్చిందంటే షో అదిరినట్టే అని లెక్కేసుకునేవాణ్ని కూడా.

ఆదివారం పోలేదు. సోమవారం పొద్దున ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లోనూ ఉంది. వారం తిరిగింది. కుడి చెవి మామూలైపోయింది, ఎడమ చెవిలో మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పటికీ ఉంది. ఈ ముక్కలు రాస్తుంటే కూడా మోగుతోంది.

ఆ ఈలని వెంటబెట్టుకుని, దేశానికి ఆ చివరన ఉన్న అరుణాచల్‌ప్రదేశ్‌లో, జీరో అనే లోయకి పాటలు వినడానికి వెళ్లొచ్చా. ఆ కథే ఇది.

ముప్ఫై మంది కోసం పాడేవాళ్లు

నాకీ పిచ్చి అంటించింది మా ఇంజినీరింగ్ హాస్టల్ రూమ్మేట్. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, వాడిది పాలకొల్లు. చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటి రోజు నుంచీ 'బావా' అంటే 'బావా' అనుకున్నాం. ఒక రాత్రి ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి నా చెవిలో పెట్టి, 'ఇది విను' అన్నాడు. ఇండియన్ ఓషన్ బ్యాండ్ పాట, 'కందీసా'. 2000లో వచ్చిన ఆల్బమ్. అది కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన అని, భాష అరమాయిక్ అని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పాట అయ్యేసరికి ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. హీరో లేడు, సినిమా లేదు, స్టెప్పుల్లేవు. మరి ఈ పాట ఎవరి కోసం అనే ప్రశ్న అప్పుడే మొదలైంది.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ తిరిగా. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఒక చోటుంది. 2010లో మొదలైంది. పాత ఇంటి ఆవరణ, ఒక చెట్టు, ఒక బండరాయి, చాయ్, సమోసా. అక్కడ సాయంత్రాలు ఎవరో ఒకరు పాడుతుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి పబ్బుల్లో వారాంతాల్లో బ్యాండ్లుంటాయి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు, కొచ్చి నుంచి వచ్చేవాళ్లు, మన ఊరివాళ్లు. తెలుగులో సినిమా బయట పాట బతుకుతుందా అని అనుమానపడే రోజుల్లోనే చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామా' వచ్చింది. పీజీ హాస్టల్ గదిలో అది వింటూ నేనూ బావా ఎంతసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నామో గుర్తులేదు. ఇద్దరం ఊరొదిలి వచ్చినవాళ్లమే కదా.

ఇండీ బ్యాండ్ షోకి ఎప్పుడూ వెళ్లనివాళ్లకి ఒక మాట. అక్కడ జనం తక్కువ. ఒక్కోసారి ముప్ఫై మంది కూడా ఉండరు, అందులో పది మంది బిర్యానీ కోసం వచ్చినవాళ్లు. పాడేవాళ్లు సొంత పాటే పాడతారు. 'అన్నా, ఫలానా సినిమా పాట వెయ్యి' అని వెనక నుంచి ఎవరో అరుస్తారు. వాళ్లు నవ్వేసి, ఇంకో సొంత పాట ఎత్తుకుంటారు. షో అయ్యాక బాస్ గిటార్ వాయించినతను తన వైర్లు తనే చుట్టుకుంటుంటాడు. మీరు దగ్గరికెళ్లి 'బ్రో, ఆ మూడో పాట...' అంటే ఆగి మాట్లాడతాడు. రెహమాన్ కచేరీకి వెళ్తే ఇది దొరకదు. ఆ మాట కోసమే నేను నెలకి మూడు నాలుగు షోలు చూసేవాణ్ని.

నిలబడే చోటు కూడా ఎప్పుడూ ఒకటే. స్టేజీకి ఎడమ పక్క, స్పీకర్‌ని ఆనుకున్నట్టు. అక్కడైతే బాస్ గిటార్ మోత గుండెల్లో తన్నినట్టు ఉంటుంది. స్టేజీ వైపు తిరిగితే నా ఎడమ చెవి నేరుగా స్పీకర్ నోట్లో ఉన్నట్టే. నాలుగేళ్లు అలాగే నిలబడ్డా.

గ్రాఫ్‌లో గుంట

ఈఎన్‌టీ డాక్టర్ గారు నన్ను గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టించారు. శబ్దం వినపడితే బటన్ నొక్కాలి. తర్వాత చేతికో గ్రాఫ్ ఇచ్చారు. గీత బాగానే వెళ్తూ వెళ్తూ 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి, మళ్లీ పైకి లేచింది.

'ఏం పని చేస్తావు బాబూ?'

'సాఫ్ట్‌వేర్ అండీ.'

'మరి బాయిలర్ పక్కన పనిచేసేవాడి చెవిలా ఉందేంటి?'

సిగ్గుతో గిగ్గుల సంగతి చెప్పా. ఆయన తిట్టలేదు. బొమ్మ గీసి చూపించారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంటుంది. అందులో సన్నటి నూగులాంటి కణాలు, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. శబ్దం వస్తే అవి ఊగి, మెదడుకి కబురు పంపిస్తాయి. మరీ పెద్ద శబ్దం గంటల తరబడి తగిలితే, గాలివానకి వరిచేను పడిపోయినట్టు పడిపోతాయి. కొన్ని లేస్తాయి. లేవనివి చచ్చిపోతాయి. మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. మెదడేమో ఆగిపోయిన కబురు కోసం ఎదురుచూస్తూ తనే ఒక శబ్దం కల్పించుకుంటుంది. అదే నా ఈల. దాని పేరు టిన్నిటస్. కోల్డ్‌ప్లే పాటగాడు క్రిస్ మార్టిన్‌కీ ఉంది. ఆయనే బయటికి చెప్పాడు.

మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని సర్వర్. డిలీట్ అయిందంటే అయింది, రోల్‌బ్యాక్ ఉండదు.

ఆ రాత్రి కూర్చుని లెక్కలు చూశా. నన్ను నేను తిట్టుకున్నా. ఎందుకంటే డెసిబెల్ లాగరిథం స్కేల్ అని ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే చదివాం, పరీక్షలో రాశాం కూడా. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు. 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలు ఫరవాలేదంటారు. 88 అయితే 4 గంటలే. అలా సగం, సగం చేసుకుంటూ పోతే 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ హాళ్లకి ఒక ప్రమాణం పెట్టింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని. నేను స్పీకర్ పక్కన నిలబడింది ఒక్కోసారి రెండున్నర గంటలు.

అసలు చిక్కు ఇంకోటుంది. జీరో పండక్కి టికెట్లు అప్పటికే కొనేశాం. కాలేజీ రోజుల నుంచి 'ఒక్కసారైనా వెళ్లాలిరా' అనుకుంటున్న ప్రయాణం. బావ లీవ్ కూడా పెట్టేశాడు. డాక్టర్ గారిని అడిగా.

'వెళ్లు. చెవుల్లో ప్లగ్స్ పెట్టుకో. స్పీకర్‌కి దూరంగా నిలబడు. గంటకోసారి బయటికెళ్లి చెవులకి విశ్రాంతి ఇవ్వు. ఈ మూడూ చెయ్యలేనంటే ఇంట్లో కూర్చో' అన్నారు.

అమ్మకి చెప్పలేదు. రాత్రిళ్లు ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నా. గది నిశ్శబ్దంగా ఉంటే ఈల పెద్దదవుతుంది మరి.

బురద దారి, మూడు కొండలు

జీరో అంటే సున్నా కాదు. దిగువ సుబన్‌సిరి జిల్లా కేంద్రం పేరది. సముద్రమట్టానికి సుమారు 5,500 అడుగుల ఎత్తు. హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కడ రాత్రి దోన్యీ పోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి నాహర్లగున్‌లో దింపుతుంది. దోన్యీ అంటే సూర్యుడు, పోలో అంటే చంద్రుడు. అక్కడి చాలా తెగల దేవుళ్లు వాళ్లే.

అరుణాచల్‌లోకి అడుగుపెట్టాలంటే మనకి కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. 1873లో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన నిబంధన ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. స్టేషన్ గేటు దగ్గర పోలీసాయన నా పర్మిట్‌ చూసి, 'హైదరాబాద్? బిర్యానీ!' అని నవ్వి పంపించాడు.

అక్కణ్నుంచి షేర్ సుమో. నూటపాతిక కిలోమీటర్లు కూడా లేవు గానీ నాలుగు గంటలు దాటింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కింద బురద. దారిలో రంగనది డ్యామ్ కనిపించింది. మా పక్కన ఒక మణిపూర్ జంట, వెనక గిటార్ కేసుని పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకున్న కోల్‌కతా కుర్రాడు. డ్రైవర్ అన్న ఒకే పెన్‌డ్రైవ్‌ని నాలుగు గంటలు తిప్పాడు. అందులో నిషీ పాటలు, హిందీ పాటలు, మధ్యలో తమన్ పాట ఒకటి! బావ ఎగిరి గంతేశాడు.

మలుపు తిరిగితే లోయ. మధ్యలో పళ్లెంలా చదునుగా వరిచేలు, పంటకొచ్చి పసుపు తిరుగుతున్నాయి. చుట్టూ పైన్ చెట్ల కొండలు, వెదురు తోటలు. మా ఊళ్లోనే దిగినట్టు అనిపించింది, చుట్టూ కొండలు మొలిచాయంతే.

చేలో చేపలు

ఆ చేలు అపతానీలవి. 2011 లెక్కల్లో ఆ తెగ జనాభా 44 వేలకి అటూఇటూ. నాగలి లేదు, ఎద్దుల్లేవు, ట్రాక్టర్ లేదు. అంతా చేత్తోనే. కొండ వాగు నీటిని చిన్న కాలువల్లోకి మళ్లించి, చేను నుంచి చేనుకి వెదురు గొట్టాలతో, బోలు దుంగలతో దింపుతారు. గట్ల మీద చిరుధాన్యం. చేలో వరి. వరి కింద నీళ్లలో చేపలు!

1960ల్లో మొదలైన పద్ధతి ఇది. చేను మధ్యలో చిన్న గుంట తవ్వుతారు. నీళ్లు తగ్గితే చేపలు అందులోకి దిగుతాయి. నీళ్లుంటే వరి దుబ్బుల మధ్య తిరుగుతూ పురుగుల్ని తింటాయి. మేం బస చేసిన ఇంటి ఆంటీ కూతురు చేలోకి దిగి చూపిస్తుంటే గట్టు మీద కూర్చుండిపోయా. మా నాన్న వరి మానేసి మా రెండెకరాలు చెరువుకి లీజుకిచ్చి ఎనిమిదేళ్లయింది. మా వైపు వరి కావాలంటే చేప ఉండదు, చేప కావాలంటే వరి ఉండదు. ఇక్కడ రెండూ ఒకే మడిలో ఉన్నాయి. ఫొటో తీసి నాన్నకి పంపా. 'ఎకరాకి ఎంతొస్తుందంట?' అని రిప్లై వచ్చింది. నాన్న ఎప్పుడూ నాన్నే.

ఈ లోయకి మన తెలంగాణతో ఒక చుట్టరికం ఉంది. ఆదిలాబాద్ గోండుల గురించి రాసిన హైమండార్ఫ్ పేరు వినే ఉంటారు. ఆయన 1944లో ఈ అపతానీ లోయకి వచ్చాడు. వీళ్ల మీద 1962లో పుస్తకమే వేశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి జైనూర్ దగ్గర మార్లవాయిలో ఉంది. మార్లవాయి ఎక్కడ, జీరో ఎక్కడ! ఫోన్‌లో మ్యాప్ చూస్తూ ఆయన ఎలా వచ్చి ఉంటాడా అనుకున్నా. సుమోలో నాలుగు గంటలకే నా నడుం పోయింది.

ఆ ఇంట్లో పొయ్యి ఇంటి నడిమధ్యలో ఉంటుంది. పైన వేలాడే వెదురు అటకల మీద మాంసం పొగకి ఆరుతుంటుంది. నూనె దాదాపు వాడరు. వెదురు మొలకలు, పొగబెట్టిన పంది మాంసం, మొక్కల బూడిద నుంచి తీసే 'తప్యో' అనే ఉప్పులాంటిది, అన్నం. మేం పట్టుకెళ్లిన ఆవకాయ ఆంటీకి కాస్త రుచి చూపించాం. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గ్లాసుడు నీళ్లు తాగింది, మళ్లీ చెయ్యి చాపింది. వెళ్లేటప్పుడు సీసా అక్కడే వదిలేశాం.

వెదురు స్టేజీ

జీరో సంగీతోత్సవం 2012లో మొదలైంది. స్థానికుడు బాబీ హానో, ఢిల్లీ బ్యాండ్ మెన్‌హూపాజ్ గిటారిస్టు అనూప్ కుట్టి కలిసి పెట్టారు. నాలుగు రోజులు, సెప్టెంబరు ఆఖర్లో. రెండు స్టేజీలు. పగలు పాడేదానికి సూర్యుడి పేరు, రాత్రి పాడేదానికి చంద్రుడి పేరు. రెండూ వెదురుతో కట్టినవే. కట్టేది లోయలోని మనుషులే. 2014లో సోనిక్ యూత్ బ్యాండ్‌కి చెందిన లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ ఇక్కడికొచ్చి వాయించారు. ఈశాన్యం నుంచి వచ్చే బ్యాండ్లే ఎక్కువ.

నన్ను ముందు పట్టుకున్నది భాషలు. ఒకతను ఖాసీలో పాడాడు, ఒకామె మిజోలో. ఇక్కడికి రాకముందు నుంచీ నేను తాబా చాకేని వింటున్నా. అరుణాచల్ కుర్రాడు, నిషీలో కూడా పాడతాడు. మణిపూర్ ఆయన రూబెన్ మషాంగ్వా తంగ్‌ఖుల్ నాగా జానపదాన్ని బ్లూస్‌తో కలిపి పాడి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ భాషలు మాట్లాడేది లక్షల్లోనే ఉంటారు. మనం 8 కోట్ల మందిమి. తెలుగులో సొంత పాట పాడే బ్యాండ్ల పేర్లు చెప్పమంటే నేను రెండు చేతుల వేళ్లు దాటలేను. ఇది నేరం మోపడం కాదు. మనకి సినిమా పాట అంత గొప్పగా ఉంది, దాని నీడలో ఇంకో మొక్క లేవడం కష్టం. కానీ పదిహేను మంది ముందు నిలబడి తన భాషలో గొంతెత్తిన ఆ ఖాసీ కుర్రాణ్ని చూశాక, లామకాన్‌లో తెలుగు పాట పాడినవాళ్లకి నేను ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టి ఉండాల్సింది అనిపించింది.

ఇక నా చెవుల సంగతి. మొదటి రోజు నుంచీ ప్లగ్స్ పెట్టుకునే ఉన్నా. మందుల షాపుల్లో దొరికే స్పాంజి ప్లగ్స్ కాదు, సంగీతం వినేవాళ్ల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్స్. స్పాంజివి పెట్టుకుంటే పాట దుప్పటి కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఇవి అన్ని స్వరాల్నీ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తాయి. అయినా ఏదో వెలితి. గాజు తలుపు అవతల నుంచి చూస్తున్నట్టు.

బావ ఊరుకోలేదు. 'ఇంత దూరం వచ్చి చెవులు మూసుకుంటావేంట్రా? తీసెయ్ బావా, నాలుగు రోజులే కదా!'

డాక్టర్ గారు చెప్పింది వాడికి పూర్తిగా చెప్పలేదు. 'కొంచెం ఇన్‌ఫెక్షన్‌రా' అన్నా అంతే. ఎందుకు దాచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా వాడితో కలిసి వినడమే మా స్నేహం అనుకున్నానేమో. అది పోతుందని భయం.

రెండో రాత్రి

రెండో రాత్రి వాన. మోకాళ్ల దాకా బురద, హపోలీ బజార్లో కొన్న గమ్‌బూట్లు, చేతిలో అపాంగ్. అపాంగ్ అంటే బియ్యంతో కాచే అక్కడి కల్లు. నేను ఎదురుచూస్తున్న బ్యాండ్ ఆ రాత్రే. ముగ్గురే ఉన్నారు. మొదటి పాటకే జనం ముందుకి తోసుకుపోయారు, వాళ్లతో పాటు బావ, వాడి వెనక నేను. చూస్తే స్టేజీకి ఎడమ పక్క స్పీకర్ దగ్గరున్నా. కాళ్లు వాటంతట అవే తీసుకెళ్లిపోయాయి.

మూడో పాటలో డ్రమ్స్ ఆగిపోయి గిటార్ ఒక్కటే మిగిలింది. అప్పుడు తీసేశా. కుడి చెవిది ముందు, తర్వాత ఎడమది.

తెర లేచినట్టు అయింది. గిటార్ తీగ మీద వేలు జారే శబ్దం కూడా వినపడింది. ఎన్నో నెలల తర్వాత పాట నా ఒంట్లోకి వచ్చింది. ఏడుపొచ్చింది, దాచను. మళ్లీ డ్రమ్స్ పడ్డాయి. జేబులోంచి ఫోన్ తీసి మీటర్ యాప్ చూశా. 103. ఫోన్ మీటర్ని పూర్తిగా నమ్మలేం, కానీ రెండు అటూఇటూ అయినా లెక్క మారదు. పది నిమిషాలు కూడా లేవు నాకు. ఒక పాట నిలబడ్డా. ఆ పాట అయ్యాక ప్లగ్స్ పెట్టుకుని, బావకి చెప్పకుండా వెనక్కి తిరిగా.

నడుస్తూ మీటర్ చూస్తున్నా. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గాలి, అదీ పాత పాఠమే. సౌండ్ కన్సోల్ దగ్గర 96. తిండి గుడిసెల దగ్గర 88. గుడారాలు దాటి, చెక్క వంతెన దాటి, వరిచేల గట్టు మీదికొచ్చేసరికి 70. అక్కడ ప్లగ్స్ తీసేశా.

పాట మొత్తం వినపడుతోంది. గొంతు, గిటార్, బాస్, దేనికది విడివిడిగా. కొండలకి తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి కూడా వస్తోంది. మధ్యలో కప్పలు. వాన చినుకులు. చేను నుంచి చేనుకి దిగే నీళ్ల గలగల. ఆ శబ్దాలన్నింటి మధ్యా నా ఈల ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

గట్టు మీద నేనొక్కణ్నే లేను. కంచె దగ్గర గొడుగు పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ముఖాన నిలువు పచ్చబొట్టు, ముక్కుకి రెండు వైపులా నల్లటి చెక్క బిళ్లలు. 1970ల్లో ఆగిపోయిన ఆచారం అది, ఇప్పుడు ముసలివాళ్లలోనే కనిపిస్తుంది. పక్కన మనవరాలు, కాలేజీ పిల్ల. ఆమెకి హిందీ వచ్చు.

'అవ్వ రోజూ వస్తుందా?' అని అడిగా.

'పండగ నాలుగు రోజులూ ఇక్కడికే వస్తుంది. లోపలికి రమ్మంటే రాదు.'

అవ్వ ఏదో అంది. మనవరాలు నవ్వి నాకు చెప్పింది. 'ఇక్కడికే బాగా వినిపిస్తోంది కదా, అంత దగ్గరికెళ్లి మీరంతా ఏం చేస్తారు అంటోంది.'

నా దగ్గర సమాధానం లేదు. ముగ్గురం ఆఖరి పాట దాకా అక్కడే ఉన్నాం.

'పోకపోతే?'

అర్ధరాత్రి దాటాక బావ గుడారంలోకి వచ్చాడు, గడ్డం దాకా బురద. ఆ రాత్రి గుడారంలోనే పడుకున్నాం. వాన వెలిసింది. కప్పలు కూడా ఊరుకున్నాయి. లోయంతా ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, నా ఈల లారీ హారన్‌లా మోగుతోంది. నేను చూసిన అతి ప్రశాంతమైన చోట నాకు నిద్ర పట్టలేదు.

చీకట్లో బావ గొంతు. 'ఒరేయ్, పడుకున్నావా? చెవులు గుయ్‌మంటున్నాయిరా.'

'రేపు పొద్దున్నకి పోతుందిలే' అన్నా.

కాసేపాగి అడిగాడు. 'పోకపోతే?'

అప్పుడు చెప్పా. గుంట పడిన గ్రాఫ్, బాయిలర్ మాట, మళ్లీ పుట్టని కణాలు, ఫ్యాన్ వేసుకుని పడుకోవడం, అన్నీ. వాడు మధ్యలో ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక, 'ఇన్ని నెలల నుంచి నాకెందుకు చెప్పలేదురా వెధవా' అన్నాడు. తర్వాత, 'నేనే కదా నిన్ను స్పీకర్ దగ్గరికి లాక్కెళ్లేవాణ్ని' అన్నాడు. నేను వద్దన్నా వాడా మాట చాలాసేపు వదల్లేదు.

పొద్దున వాడి చెవుల మోత తగ్గిపోయింది. నాది తగ్గలేదు. బావ చెయ్యి చాపాడు. బ్యాగులో ఉన్న రెండో జత ప్లగ్స్ ఇచ్చా. మిగతా రెండు రోజులూ ఇద్దరం సౌండ్ కన్సోల్ వెనకాలే నిలబడ్డాం. సౌండ్ ఇంజినీర్ తన చెవికి బాగున్నట్టే మిక్స్ చేస్తాడు కదా. అంటే అన్ని పరికరాలూ సమంగా వినపడేది అతని వెనకాలే. నాలుగేళ్లు గిగ్గులు చూసిన నాకు అంత చిన్న లాజిక్ తట్టలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే

పర్మిట్ ముందే తీసుకోండి, రెండు కాపీలు జేబులో ఉంచుకోండి. ఇటానగర్ దగ్గర హోలొంగిలో 2022 నుంచి విమానాశ్రయం కూడా ఉంది. గమ్‌బూట్లు అక్కడే కొనుక్కోవచ్చు, రెయిన్‌కోట్ మాత్రం పట్టుకెళ్లండి. రాత్రి చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్ తప్పనిసరి. ప్లాస్టిక్ సీసాలు వద్దు. ముసలవ్వల ఫొటో తీసేముందు అడగండి. చాలామంది వద్దంటారు, వద్దంటే వద్దే. పండగ అయిపోగానే తిరుగు సుమో ఎక్కకండి, ఒక రోజు ఆగి చేల గట్ల మీద నడవండి.

జీరోకే కాదు, మన ఊళ్లో గిగ్‌కి వెళ్లినా ప్లగ్స్ పెట్టుకోండి. స్పాంజివి పదుల రూపాయల్లో దొరుకుతాయి. అసలు లేనిదానికంటే అవి ఎంతో నయం. షో అయ్యాక చెవి మోగితే అది షో అదిరినట్టు కాదు, చెవి అరుస్తున్నట్టు. పక్కవాడితో మాట్లాడాలంటే కేకలు పెట్టాల్సి వస్తోందా? అక్కణ్నుంచి పది అడుగులు వెనక్కి వెయ్యండి. రెండు మూడు రోజుల్లో మోత తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాలాగా వారాలు ఆగకండి.

మొన్న శనివారం ఒక కొత్త తెలుగు బ్యాండ్ వాయిస్తుంటే వెళ్లాం. నలుగురూ ఇంకా బీటెక్ చదువుతున్నారు. లెక్కపెట్టా, చూసేవాళ్లం ఇరవై ఆరుగురం. బావా నేనూ కన్సోల్ వెనక. షో అయ్యాక డ్రమ్స్ వాయించిన కుర్రాడు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ బయటికొచ్చాడు. దగ్గరికెళ్లి రెండో పాట గురించి మాట్లాడా. తర్వాత జేబులోంచి ఒక జత తీసి చేతిలో పెట్టా.

'ఏంటన్నా ఇవి?' అన్నాడు.

'కూర్చో, చెప్తా' అన్నా.